ఫిట్స్ లేని ఆ నెలలు



1987 నవంబరు, డిసెంబరు నెలల్లో కెనడాలో మస్సెల్స్ అనే ఆల్చిప్పలు తిన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆస్పత్రుల పాలయ్యారు. మొదట వాంతులు, విరేచనాలు. తిండి తేడా చేసిందిలే అనుకుంటుండగానే కొందరికి విపరీతమైన తలనొప్పి, అయోమయం మొదలయ్యాయి. ఇప్పుడే చెప్పిన మాట కాసేపటికి గుర్తుండేది కాదు. 100 మందికి పైగా జబ్బుపడ్డారు. కొందరు చనిపోయారు. ఆరా తీస్తే ఆ ఆల్చిప్పలు తూర్పు తీరంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో పెంచినవని తేలింది. అక్కడి నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న నాచు ఒకటి విపరీతంగా పెరిగి, డొమోయిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేసింది. నీటిని వడకట్టుకుని బతికే ఆల్చిప్పలు ఆ విషాన్ని ఒంట్లో కూడబెట్టుకున్నాయి. వాటికేమీ కాలేదు. తిన్న మనుషులకు అయింది.

ఆ రోగుల్లో 84 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు స్పృహ పోయింది, ఆగకుండా ఫిట్స్ వచ్చాయి. వైద్యం జరిగింది, ప్రాణం నిలిచింది. తర్వాత ఫిట్స్ ఆగిపోయాయి. మెదడులో విద్యుత్తు తీరును చూపించే ఈఈజీ కూడా సర్దుకుంది. జ్ఞాపకశక్తి మాత్రం తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనే అనుకుని ఉంటారు. విషం తిన్న ఏడాదికి ఆయనకు మళ్లీ ఫిట్స్ మొదలయ్యాయి. ఈసారి విషం లేదు. అది ఒంట్లోంచి ఎప్పుడో వెళ్లిపోయింది. అవి ఆయన మెదడు తనంతట తానుగా పుట్టిస్తున్న ఫిట్స్. మూడేళ్లు దాటాక ఆయన న్యుమోనియాతో కన్నుమూశారు. మెదడును పరీక్షించిన వైద్యులకు హిప్పోకాంపస్ అనే భాగం రెండువైపులా కణాలు చచ్చి, గట్టిపడి, కుంచించుకుపోయి కనిపించింది.

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది మధ్యలో ఉన్న ఆ నెలల గురించి. ఫిట్స్ లేవు, ఈఈజీలో తేడా లేదు, జ్ఞాపకశక్తి పోవడం తప్ప చూసేవాళ్లకు ఇంకేమీ లేదు. అయినా లోపల ఏదో జరిగింది. ఏం జరిగింది?

ముందు జబ్బు సంగతి చెబుతాను. చెవికి పైన, కణత వెనక ఉండే మెదడు భాగాన్ని టెంపొరల్ లోబ్ అంటారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. పెద్దవాళ్లలో మెదడులోని ఒక చోట పుట్టే మూర్ఛల్లో ఎక్కువగా కనిపించేది ఇక్కడ పుట్టే మూర్ఛే. మూర్ఛ అనగానే మనకు కళ్లముందు కదిలేది మనిషి కిందపడి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట నురగ రావడం. టెంపొరల్ లోబ్ మూర్ఛ చాలాసార్లు అలా ఉండదు. అందుకే అది ఏళ్ల తరబడి మూర్ఛ అన్న పేరైనా లేకుండా ఇంట్లో తిరుగుతుంటుంది.

ఓపీలో నేను తరచూ వినే మాటలు ఇలా ఉంటాయి. కోడల్ని వెంటబెట్టుకొచ్చిన అత్తగారు చెబుతుంది: “కూర కలుపుతా కలుపుతా ఆగిపోద్దండీ డాక్టరుగారూ. పిలిస్తే పలకదు. చూపు గోడమీదే ఉంటది. నోట్లో ఏదో ఉన్నట్టు చప్పరిస్తా, కుడిచేత్తో కొంగు నలుపుతా ఉంటది. ఎడంచెయ్యి కొయ్యబారిపోద్ది. రెండు నిమిషాలకి తేరుకుని, నేనెక్కడున్నానత్తయ్యా అంటది. గాలేమోనని తాయెత్తు కట్టించామండీ.” ఆ అత్తగారు చెప్పినంత చక్కగా మా వైద్య విద్యార్థులు కూడా చెప్పలేరు. చూపు నిలిచిపోవడం, పెదాలు చప్పరించడం, ఒక చెయ్యి నలుపుతుండగా రెండోది బిగుసుకోవడం, తర్వాత కాసేపు అయోమయం. ఏ వైపు టెంపొరల్ లోబ్ అన్నది కూడా ఆమె మాటల్లోనే ఉంది. బిగుసుకున్నది ఎడమ చెయ్యి గనక, అనుమానించాల్సింది చాలామటుకు కుడివైపును.

ఫిట్స్ వచ్చే ముందు ఏమనిపిస్తుందమ్మా అని ఆ కోడల్ని అడిగితే చాలాసేపు చెప్పదు. చెబితే పిచ్చి అంటారేమోనని భయం. తర్వాత మెల్లగా చెబుతుంది: కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తుందనో, ఎక్కడా లేని కాలిన వాసన వస్తుందనో, కారణం లేకుండా గుండె జారిపోయేంత భయం వేస్తుందనో, ఇదంతా ఇదివరకే జరిగినట్టు అనిపిస్తుందనో. వాసన, భయం, జ్ఞాపకం, ఈ మూడింటితో పనిచేసే కణాలు టెంపొరల్ లోబ్ లోపలి అంచున పక్కపక్కనే ఉన్నాయి. ఫిట్స్ ఎక్కడ పుట్టిందో చెప్పేది ఆ అనుభవమే.

దీన్ని మొదటగా శ్రద్ధగా విన్నవాడు లండన్ వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్. 19వ శతాబ్దం చివర ఆయన దగ్గరికి వచ్చిన రోగుల్లో ఒకాయన స్వయంగా వైద్యుడు. జాక్సన్ ఆయన పేరు దాచి, జడ్ అనే అక్షరంతో రాశాడు. 1888లో అచ్చయిన ఆ కథనంలో జడ్ చెప్పిన సంగతి ఒకటుంది. ఒక కుర్రవాడిని పరీక్షించబోతుండగా ఆయనకు ఫిట్స్ వస్తున్న సూచన తెలిసింది. స్టెతస్కోప్ తీసి, మాటలు తప్పించుకోవడానికి కాస్త పక్కకు తిరిగాడు. తర్వాత గుర్తున్నది, బల్ల దగ్గర కూర్చుని ఇంకెవరితోనో మాట్లాడుతుండటం. మధ్యలో ఏం జరిగిందో తెలియదు. వెళ్లి చూస్తే ఆ కుర్రవాడు మంచంమీద ఉన్నాడు, ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా అని తన చేతిరాతతోనే రాసి ఉంది. మళ్లీ పరీక్షించాడు. రోగ నిర్ధారణ సరిగ్గా సరిపోయింది. స్పృహలో లేని మెదడు ఊపిరితిత్తులు విని, జబ్బు పోల్చి, రాసింది. రాసినట్టు జ్ఞాపకం మాత్రం నిలుపుకోలేకపోయింది. జడ్ చనిపోయాక జాక్సన్ ఆయన మెదడును పరీక్ష చేయించాడు. ఎడమ టెంపొరల్ లోబ్ లోపలి కొసన, హిప్పోకాంపస్‌కు ముందు, చిన్న మచ్చ కనిపించింది. అంత చిన్న మచ్చ మనిషి జీవితంలోంచి నిమిషాలను కత్తిరించి పారేస్తుందంటే, ఈ జబ్బు చదివిన ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు హిప్పోకాంపస్ దగ్గరికి వద్దాం. చిటికెన వేలంత ఉంటుంది, ముందువైపు కాస్త లావు. రోజూ మనం చూసేవీ వినేవీ జ్ఞాపకాలుగా మారడానికి ఇది కావాలి. మూర్ఛ రోగుల్లో ఇది గట్టిపడి ఉంటుందని 1825లోనే పారిస్‌లో బుషే, కజోవియే అనే ఇద్దరు వైద్యులు గమనించారు. 1880లో జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ సోమర్ మైక్రోస్కోప్ కింద చూసి, ఏ మేర కణాలు పోయాయో గుర్తించాడు.

ఆపరేషన్‌లో తీసిన హిప్పోకాంపస్‌ను పలచగా కోసి, ఊదారంగు అద్ది స్లైడ్ మీద పెడితే కనిపించేది మీకు వర్ణించి చెబుతాను. ఆరోగ్యంగా ఉన్నదైతే, త్రికోణాకారపు పెద్ద కణాల వరస ఒకటి పట్టీలా మెలితిరిగి సాగుతుంది. ఆ మెలిక లోపల, చిన్న గుండ్రటి కణాలు చిక్కగా ఒత్తుకున్న మరో సన్నటి పట్టీ ఉంటుంది. వీటిని గ్రాన్యూల్ కణాలంటారు. బయటి నుంచి వచ్చే సంకేతాలు ముందు ఈ చిన్న కణాలకే చేరతాయి. ఇవి సామాన్యంగా చలించవు. వచ్చిన వాటిలో ఏవో కొన్నింటినే ముందుకు పంపుతాయి.

జబ్బుపడిన హిప్పోకాంపస్ స్లైడ్ పెడితే పెద్ద కణాల పట్టీలో ఒక పెద్ద మేర వెలవెలబోయి ఉంటుంది. సోమర్ చూసిన మేర అదే. కణాలు ఉండాల్సిన చోట రంగు లేదు. చిత్రంగా దాని పక్కనే చిన్న భాగం ఒకటి పెద్దగా చెక్కుచెదరకుండా నిలుస్తుంది. గ్రాన్యూల్ కణాలు కూడా చాలావరకు బతికే ఉంటాయి, కానీ వాటి వరస చెదిరిపోయి, దూరం దూరంగా పరుచుకుని ఉంటాయి. ఈ చెదరడాన్ని 1990లో క్యారొలిన్ హౌసర్ వివరించారు. కణాలను వరసలో నిలిపే రీలిన్ అనే ప్రొటీన్ తగ్గడం దీనికి ఒక కారణమని తర్వాత జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. గ్రాన్యూల్ పట్టీకి లోపలివైపున, దాని సంకేతాలు మొదట అందుకునే కణాలు ఉండాలి. అవి సగానికి సగం కనిపించవు.

ఎందుకు చచ్చాయి? మెదడులో కణానికి కణం ఉత్సాహాన్ని అందించే రసాయనం గ్లూటమేట్. అది తగలగానే కణంలోకి సోడియం, కాల్షియం వస్తాయి. క్షణంలో పని అయిపోతుంది, గ్లూటమేట్‌ను పక్క కణాలు ఎత్తేస్తాయి. గంటల తరబడి ఫిట్స్ వస్తే గ్లూటమేట్ ఆగదు. లోపలికి వచ్చిన కాల్షియం బయటికి పోయే తీరిక లేక, కణం లోపలి ఎంజైములను రేపి, అవి కణాన్ని లోపలి నుంచే తినేసేలా చేస్తుంది. కెనడా ఆల్చిప్పల్లోని డొమోయిక్ ఆమ్లం గ్లూటమేట్‌ను పోలిన పదార్థం. గ్లూటమేట్ తగిలే తలుపులకే తగిలి, వాటిని తెరిచే ఉంచింది. ఏ కణాల మీద ఆ తలుపులు ఎక్కువో అవే పోయాయి. ఆ పెద్దాయన హిప్పోకాంపస్ అలా దెబ్బతింది.

అయితే కణాలు చనిపోవడమే జబ్బైతే మెదడు మందకొడిగా మారాలి గానీ, ఫిట్స్ ఎందుకు రావాలి? ఆ నెలల్లో జరిగే పనికి ఇక్కడే అర్థం దొరుకుతుంది. బతికి మిగిలిన కణాలు ఊరుకోవు.

గ్రాన్యూల్ కణం నుంచి పోగు ఒకటి లోపలివైపు సాగి, అక్కడి కణాలను అందుకుంటుంది. దీనికి మాసీ ఫైబర్ అని పేరు. అందుకునే కణాలు చనిపోయాయి. పందిరి కూలితే బీరతీగ ఏం చేస్తుంది? ఎండిపోదు, దగ్గర్లో ఏది దొరికితే దానికి చుట్టుకుంటుంది, చివరికి తన కాడకే చుట్టుకుంటుంది. ఈ పోగులు చేసేదీ అదే. వెనక్కి తిరిగి, గ్రాన్యూల్ పట్టీని దాటి, తోటి గ్రాన్యూల్ కణాల కొమ్మలమీదే కొత్త అతుకులు వేసుకుంటాయి. ఈ పోగుల కొసల్లో జింక్ ఉంటుంది. టిమ్స్ అనే వెండి రంజనం వేస్తే జింక్ ఉన్నచోటల్లా నల్లగా మారుతుంది. మామూలు హిప్పోకాంపస్‌లో ఆ నలుపు లోపలివైపే ఉంటుంది. జబ్బుపడినదానిలో గ్రాన్యూల్ పట్టీకి పైన, ఉండకూడని చోట, చిక్కటి నల్లటి చార కనిపిస్తుంది. ఆ చార మొదటిసారి చూసినప్పుడు కలిగే భావం మాటల్లో పెట్టడం కష్టం. ఒక మనిషి మెదడు దెబ్బ తగిలాక తనను తాను బాగుచేసుకోబోయిన గుర్తు అది. ఎలుకల్లో దీన్ని 1980ల మధ్యలో, ఆపరేషన్ చేయించుకున్న మనుషుల్లో 1989లో చూపించారు.

ఒక కణం తోటి కణాన్ని రేపితే, అది ఇంకోదాన్ని రేపితే, తిరిగి మొదటిదాన్నే రేపితే ఫిట్స్ పుట్టే దారి పడినట్టే. చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఇదే చెప్పాయి. కానీ ఎలుకలకు రాపమైసిన్ అనే మందు ఇచ్చి ఈ పోగుల పెరుగుదలను తగ్గిస్తే, ఫిట్స్ మాత్రం తగ్గలేదని 2011లో ఒక ప్రయోగం చూపింది. కొత్త పోగులు కొన్ని అదుపు చేసే కణాలను కూడా అందుకుంటాయని ఇతర పరిశోధనలు చూపించాయి. నా మటుకు నాకు ఆ నల్లటి చార నేరస్థుడిలా కనిపించదు. నేరం జరిగిన ఇంట్లో మిగిలిన సాక్ష్యంలా కనిపిస్తుంది. ఒక్క మార్పు మీద జబ్బంతా మోపడం సరికాదు.

రెండో మార్పు అదుపుకు సంబంధించింది. కణాలను శాంతపరిచే రసాయనం గాబా. హిప్పోకాంపస్‌లో గాబా కణాలు కొన్ని దెబ్బకు తట్టుకోలేక చనిపోతాయి. అది అర్థమయ్యే సంగతే. ఇంకో సంగతి ఉంది, ఇది అంత తేలిగ్గా ఊహకు అందదు. గాబా తగిలితే కణం గోడలో క్లోరైడ్ దారులు తెరుచుకుంటాయి. మామూలుగా కణం లోపల క్లోరైడ్ తక్కువ గనక, బయటి నుంచి లోపలికి వస్తుంది, కణం శాంతిస్తుంది. లోపల తక్కువగా ఉంచే పని ఒక పంపుది. జబ్బుపడిన కొన్ని కణాల్లో ఆ పంపు తగ్గి, క్లోరైడ్‌ను లోపలికి తెచ్చే మరొకటి ఎక్కువవుతుంది. లోపల క్లోరైడ్ పేరుకుంటుంది. ఇప్పుడు గాబా తగిలితే క్లోరైడ్ బయటికి పోతుంది, శాంతించాల్సిన కణం రేగుతుంది. పారిస్‌లో రిచర్డ్ మైల్స్ బృందం, ఆపరేషన్‌లో తీసిన మెదడు ముక్కలను గంటలపాటు ఉప్పునీటి ద్రావణంలో బతికించి, కణాలు వాటంతట అవే విద్యుత్తు పుట్టిస్తుండగా సన్నటి గాజు సూదితో వాటిని విని, గాబా కొన్ని కణాలను రేపుతోందని 2002లో బయటపెట్టింది. ఆ సందడి హిప్పోకాంపస్‌లో కణాలు చచ్చిన చోట లేదు. దాని గుమ్మంలో ఉన్న, కణాలు బతికే ఉన్న పక్క భాగంలో ఉంది.

ఇదంతా నాడీకణాల కథ. చుట్టూ ఉండే ఆస్ట్రోసైట్లు అనే కణాలను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. నాడీకణాలు పనిచేసినప్పుడు బయట పోగయ్యే పొటాషియంను, వాడిపడేసిన గ్లూటమేట్‌ను తీసేసేది ఇవే. గ్లూటమేట్‌ను హాని లేని గ్లూటమిన్‌గా మార్చే ఎంజైమ్ వీటిలో ఉంటుంది. దెబ్బతిన్న హిప్పోకాంపస్‌లో ఆస్ట్రోసైట్లు ఉబ్బి, పెరిగి, మచ్చ కట్టేస్తాయి. ఎమ్మారైలో తెల్లగా, చిన్నగా కనిపించే ఆ భాగంలో ఉన్నది ఈ మచ్చే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో, ఈ మచ్చలో ఆ ఎంజైమ్ బాగా తగ్గిపోయిందని చూపారు. పొటాషియం లాగే దారులు కూడా తగ్గుతాయి. పైగా మెదడు సహజంగా తయారుచేసుకునే అడినోసిన్ అనే శాంతినిచ్చే పదార్థాన్ని ఈ ఆస్ట్రోసైట్లు ఎక్కువగా ఖర్చుచేసేస్తాయి. మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు రేగి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. రక్తం నుంచి మెదడును కాపాడే గోడ కూడా కొంత కారుతుంది. ఇన్ని మార్పులు ఒకే చోట, ఒకదాని తర్వాత ఒకటిగా కాదు, కలగలిసి జరుగుతాయి.

మరి ఫిట్స్ మాత్రలు ఈ మార్పులను ఆపుతాయా? ఇప్పుడు దొరికే మాత్రలు ఫిట్స్‌ను ఆపుతాయి, లోపల జరిగే ఆ మార్పులను ఆపలేవు. 1990లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని సియాటిల్‌లో తలకు బలమైన దెబ్బ తగిలినవాళ్లకు మూర్ఛ మందు ఫెనిటోయిన్‌ను ముందుజాగ్రత్తగా ఇచ్చి చూశారు. మొదటి వారంలో ఫిట్స్ బాగా తగ్గాయి. ఆ తర్వాత మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా లేకపోయింది. అందుకే తలకు దెబ్బ తగిలిన వాళ్లకు ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు ముందుజాగ్రత్తగా వాడమని చెప్పం. దెబ్బ తర్వాతి నెలల్లో చూసుకోవాల్సింది వేరు. మాటల మధ్య ఆగిపోతున్నాడా, చూపు నిలుస్తోందా అని ఇంట్లోవాళ్లు గమనించాలి.

ఇక్కడ మన సంగతి చెప్పాలి. మన దగ్గర ఇలాంటి దెబ్బకు కారణం ఆల్చిప్పలు కాదు. మనకున్నవి మెదడువాపులు, మెనింజైటిస్, బైకు ప్రమాదాల్లో తలదెబ్బలు, బద్దెపురుగు గుడ్లు ఆకుకూరలతోనో కలుషితమైన నీళ్లతోనో కడుపులోకి వెళ్లి, వాటి పిల్లలు మెదడులో చేరి కట్టే తిత్తులు. చిన్నపిల్లలకు జ్వరంలో వచ్చే ఫిట్స్ కూడా. తల్లిదండ్రులు కంగారుపడతారని ఈ చివరిదాన్ని స్పష్టంగా చెబుతున్నాను: జ్వరంలో కొద్ది నిమిషాలు వచ్చి ఆగిపోయే ఫిట్స్‌తో చాలామంది పిల్లలకు ఏ హానీ జరగదు. అరగంట దాటి ఆగకుండా వచ్చిన ఫిట్స్ సంగతి వేరు. అలాంటి కొందరు పిల్లల హిప్పోకాంపస్ వాచినట్టు ఎమ్మారైలో కనిపిస్తుంది, వాళ్లలో కొందరికి తర్వాత అది కుంచించుకుపోతుంది. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తమని మేం పోరు పెట్టేది అందుకే. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే మన మందుల షాపుల్లో దొరుకుతుంది. డాక్టరు రాసిస్తే ఇంట్లో ఉంచుకోండి. చేతిలో తాళాలు పెట్టడానికి, ఉల్లిపాయ వాసన చూపించడానికి పోయే నిమిషాలు హిప్పోకాంపస్ కణాలకు చెందినవి.

మరొకటి కూడా మన వైపు వింటాం. తలస్నానం చేస్తూ వేడినీళ్లు తలమీద పోసుకోగానే ఫిట్స్ రావడం. కర్ణాటకలోనూ దక్షిణాదిలో ఇతర చోట్లా ఎక్కువగా చూసే మూర్ఛ ఇది. చాలాసార్లు టెంపొరల్ లోబ్ ఫిట్స్ తీరులోనే ఉంటుంది. నీళ్ల వేడి తగ్గిస్తే చాలామందికి సరిపోతుంది.

వైద్యం సంగతి. రోగుల్లో చాలామందికి మందులతో ఫిట్స్ ఆగిపోతాయి. సరైన మందులను సరైన మోతాదులో వాడినా, రెండు మందులు విఫలమైతే ఆ మూర్ఛను మందులకు లొంగనిదిగా లెక్కిస్తారు. హిప్పోకాంపస్‌లో మచ్చ ఉన్న మూర్ఛ ఈ కోవలోకి తరచుగా వస్తుంది. ఇక్కడ నాకు చాలా బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్లు నాలుగో మందు, అయిదో మందు, ఊరు మార్చి డాక్టర్ని మార్చి ఇంకో మందు అంటూ పదీ పదిహేనేళ్లు గడిపేస్తారు. ఈలోగా చదువు ఆగిపోతుంది, ఉద్యోగం పోతుంది, జ్ఞాపకశక్తి తగ్గుతుంది. ఆపరేషన్ అంటే తల కొయ్యడమేగా అన్న భయం. 2001లో అచ్చయిన ఒక కెనడా పరిశోధనలో 80 మందిని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. 40 మందికి మందులే కొనసాగించారు, 40 మందిని ఆపరేషన్‌కు పంపారు. ఏడాది తర్వాత స్పృహ తప్పించే ఫిట్స్ లేనివాళ్లు మందుల వైపు 8 శాతం, ఆపరేషన్ వైపు 58 శాతం. ఇంత తేడా మూర్ఛ వైద్యంలో అరుదు.

మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరుణాళ్ సంస్థ 1995లో ఈ ఆపరేషన్లు మొదలుపెట్టింది. మన హైదరాబాద్ నిమ్స్‌లో కూడా జరుగుతాయి. చేసేముందు చాలా పరీక్షలుంటాయి. ఫిట్స్ పుట్టేది ఒక వైపునే అని తేలాలి, రెండో వైపు హిప్పోకాంపస్ జ్ఞాపకాల పని మొయ్యగలగాలి. ఈ జాగ్రత్తకు ఒక చేదు చరిత్ర ఉంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి ఫిట్స్ ఆపడానికి రెండు వైపులా హిప్పోకాంపస్ ముందు భాగాన్ని తీసేశారు. ఫిట్స్ తగ్గాయి. ఆ రోజు నుంచి 2008లో చనిపోయేదాకా ఆయన కొత్త జ్ఞాపకాన్ని నిలుపుకోలేకపోయాడు. ఇప్పుడు రెండూ తీసెయ్యడమన్న మాటే లేదు.

2022లో అమెరికాలో కొత్త ప్రయత్నం ఒకటి మొదలైంది. మూలకణాల నుంచి పెంచిన గాబా కణాలను హిప్పోకాంపస్‌లోకి నేరుగా ఎక్కించడం. తీసెయ్యడం కాదు, అక్కడ పోయినవాటిని తిరిగి నాటడం. ఇంకా పరీక్షల్లోనే ఉంది. అది తేలేవరకు రోగులు ఎదురు చూడాల్సిన పని లేదు, ఉన్న ఆపరేషన్ మంచిదే.

చివరిగా ఇంట్లోవాళ్లకు. మీవాళ్లెవరైనా మాట్లాడుతూ ఆగిపోయి, చూపు నిలిచి, పెదాలు చప్పరిస్తుంటే ముందు పట్టుకుని ఆపకండి. పొయ్యి, కత్తి, మెట్లు దగ్గర్లో ఉంటే మెల్లగా పక్కకు తీసుకెళ్లండి. ఫోన్ తీసి వీడియో తియ్యండి. ముఖం, రెండు చేతులూ కనపడాలి. తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, మెదడువాపు వచ్చిందా అని మీ అమ్మగారినో అమ్మమ్మగారినో అడిగి రాసుకోండి. ఎన్నేళ్ల క్రితం సంగతైనా సరే. న్యూరాలజీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అది చెప్పండి, వీడియో చూపించండి. రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగకపోతే, హిప్పోకాంపస్‌ను సన్నటి ముక్కలుగా చూపించే ఎమ్మారై కావాలేమో, ఆపరేషన్‌కు పనికొస్తుందేమో అని మీరే అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు.